తెరిచే ఉన్న తలుపు: ప్రపంచ వ్యవహారాలపై యూనివర్సిటీ ఉపన్యాసాలకు వెళ్లడం, వినడం, ప్రశ్న అడగడం ఎలా

లండన్ వెళ్లిన మొదటి ఏడాది, ఒక చలికాలపు సాయంత్రం, ఒక యూనివర్సిటీ హాలు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. లోపల పశ్చిమాసియా రాజకీయాల మీద ఉపన్యాసం. ప్రవేశం ఉచితమనీ, ఎవరైనా రావచ్చనీ పోస్టరు మీద రాసే ఉంది. అయినా అడుగు ముందుకు పడలేదు. నేను అక్కడ విద్యార్థిని కాను, మెడలో ఐడీ కార్డు లేదు, ఎవరైనా ఆపి "మీరెవరు?" అంటే ఏం చెప్పాలో తెలియలేదు. తర్వాతి వారం మళ్లీ వెళ్లాను. తలుపు దగ్గర నిలబడ్డ పెద్దాయన నా సంచీలోకి ఒక్కసారి చూసి, మెట్లు ఎటున్నాయో చేత్తో చూపించాడు. అంతకు మించి ఎవరూ ఏమీ అడగలేదు.

అక్కడున్న మూడేళ్లూ వీలున్న ప్రతి వారం ఒక సభకు వెళ్లాను. ఇప్పుడు హైదరాబాదులో కూర్చుని ఆన్‌లైన్‌లో వింటున్నాను. చదువుకో ఉద్యోగానికో పరాయి దేశం వెళ్లిన మనవాళ్లు ఎందరో ఇలాంటి గుమ్మాల ముందు నుంచే రోజూ నడిచి వెళ్తుంటారు, లోపలికి మాత్రం వెళ్లరు. "అది మన కోసం కాదులే" అన్న సంకోచమే దానికి కారణం. వాళ్ల కోసం, ఇక్కడ ఇంటి నుంచి వినాలనుకునే డిగ్రీ పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకు బాగా తెలిసిన ఊరు కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా లండన్‌వి. పద్ధతి మాత్రం బోస్టన్‌లోనైనా, బెర్లిన్‌లోనైనా, గచ్చిబౌలిలోనైనా పనికొస్తుంది.

ముందుగా: ఈ సభలు ఎవరివి?

ఇంగ్లండులో ఈ అలవాటు చాలా పాతది. సర్ థామస్ గ్రెషమ్ అనే వర్తకుడు రాసిన వీలునామా ప్రకారం 1597లో లండన్‌లో గ్రెషమ్ కాలేజీ మొదలైంది. అది డిగ్రీలు ఇవ్వదు, విద్యార్థులను చేర్చుకోదు. ఖగోళం, జ్యామితి, సంగీతం, న్యాయం, వైద్యం, దైవశాస్త్రం, అలంకారశాస్త్రం అనే ఏడు విషయాలకు ఏడుగురు ఆచార్యులను పెట్టి, ఊరి జనానికి ఉచితంగా ఉపన్యాసాలు చెప్పించడమే దాని పని. నాలుగు వందల ఏళ్లు దాటినా ఇప్పటికీ ఉచితమే. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో మధ్యాహ్న భోజన వేళ ఉపన్యాసాలు 1942లో, అంటే ప్రపంచ యుద్ధం నడుస్తుండగా మొదలయ్యాయి. మన సి.పి. బ్రౌన్ దొరగారు ఇంగ్లండు తిరిగి వెళ్లాక తెలుగు ఆచార్యుడిగా ఉన్నది ఆ కాలేజీలోనే. ఇక 1895లో పుట్టిన లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, అంటే ఎల్‌ఎస్‌ఈ, ప్రపంచ రాజకీయాల ఉపన్యాసాలకు పెట్టింది పేరు. అంబేడ్కర్ 1923లో డాక్టర్ ఆఫ్ సైన్స్ (డీఎస్సీ) పట్టా పొందింది అక్కడే. ఆల్డ్‌విచ్‌లోని మన హైకమిషన్ భవనం, ఇండియా హౌస్, నుంచి అక్కడికి నడిచి వెళ్లడానికి ఐదు నిమిషాలు పట్టదు.

ఉపన్యాసం ఇచ్చిన వైపు కూడా మనవాళ్లు ఉన్నారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1926లో ఆక్స్‌ఫర్డ్‌లోని మాంచెస్టర్ కాలేజీలో అప్టన్ ఉపన్యాసాలు ఇచ్చారు. ఐదేళ్ల తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా వచ్చారు.

ఈ వేదికల బరువు తెలియాలంటే ఇంకో నాలుగు తేదీలు చూడండి. 1947 జూన్ 5న అమెరికా విదేశాంగ మంత్రి జార్జ్ మార్షల్ హార్వర్డ్‌లో మాట్లాడింది పావుగంట కూడా కాదు. యుద్ధంలో చితికిపోయిన ఐరోపాను నిలబెట్టిన సాయం ఆ మాటల నుంచే మొదలైంది. 2009 జూన్ 4న ఒబామా ముస్లిం ప్రపంచంతో మాట్లాడడానికి కైరో యూనివర్సిటీని ఎంచుకున్నాడు. 2013 సెప్టెంబరు 7న షీ జిన్‌పింగ్ కొత్త సిల్క్ రోడ్ ఆలోచనను మొదట ప్రకటించింది కజకిస్తాన్‌లోని నజర్‌బాయెవ్ యూనివర్సిటీలో. 2017 సెప్టెంబరు 26న ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ ఐరోపా భవిష్యత్తు గురించి చెప్పింది ప్యారిస్‌లోని సోర్బాన్ యూనివర్సిటీలో. పార్లమెంటులో మాట్లాడితే ఎదురుగా ప్రతిపక్షం ఉంటుంది, విలేకరుల సమావేశంలో ప్రశ్నల వర్షం ఉంటుంది. యూనివర్సిటీలో ఒక ఆలోచనను మొదలు నుంచి చివరి దాకా చెప్పే వీలుంటుంది, వినేవాళ్లు కుర్రవాళ్లు, పైగా విద్యాలయం అన్న గౌరవం ఒకటి తోడవుతుంది. వక్త ఆ వేదికను ఎందుకు కోరుకున్నాడో గ్రహిస్తే, వినడం సగం వచ్చేసినట్టే.

మొదటి మెట్టు: ఏ సభకు వెళ్లాలో ఎంచుకోవడం

యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో "ఈవెంట్స్" విభాగం చూడండి. అక్కడ "పబ్లిక్", "అందరికీ" అన్న మాట ఉందా లేదా అన్నదే ముఖ్యం. "విద్యార్థులకు, సిబ్బందికి మాత్రమే" అని ఉంటే వదిలేయండి. విడి విభాగాల, పరిశోధన కేంద్రాల పేజీలు కూడా చూడాలి. దక్షిణాసియా కేంద్రమో ఆఫ్రికా కేంద్రమో పెట్టే చిన్న సభలు పెద్ద పట్టికలోకి ఎక్కకపోవచ్చు, మంచి సంభాషణ మాత్రం తరచుగా అక్కడే జరుగుతుంది. ఆ కేంద్రాల ఈమెయిల్ జాబితాలో చేరిపోండి. సభలు ఎక్కువగా ఉండేది అక్టోబరు నుంచి మార్చి దాకా. వేసవి సెలవుల్లో దాదాపు ఏమీ ఉండవు.

పోస్టరు మీద పెద్ద పేరు కనిపించగానే పరుగెత్తకండి. సభ ఏ రకమో చూడండి.

కొత్తగా ప్రొఫెసర్ అయినవారు ఇచ్చే ప్రారంభోపన్యాసం నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది. ఇరవై ఏళ్ల పరిశోధనను బంధువులకు, స్నేహితులకు కూడా అర్థమయ్యేలా ఒక గంటలో చెప్పాలి కాబట్టి ఎంతో శ్రద్ధగా తయారై వస్తారు. స్మారకోపన్యాసం కూడా మంచిదే. కొత్త పుస్తకం వచ్చిన సందర్భంగా జరిగే సభలో ఆ పుస్తకం సారం దొరుకుతుంది. కానీ అదే రచయిత అదే మాటను ఇంకో పదిచోట్ల చెప్పి ఉంటాడు కాబట్టి రికార్డింగు విన్నా నష్టం లేదు. ఐదుగురు వక్తల చర్చావేదికకు మాత్రం నేను అరుదుగా వెళ్తాను. తలా పది నిమిషాలు, పరస్పర అభినందనలు, ఆ పైన సమయం అయిపోయిందన్న ప్రకటన. ఇద్దరు మాత్రమే ఉండి, వాళ్లిద్దరికీ నిజంగా అభిప్రాయభేదం ఉంటే అది వేరే సంగతి. దాన్ని వదులుకోవద్దు. దేశాధినేతలు, మంత్రులు వచ్చే సభల్లో ప్రతి మాటా ముందే రాసుకుని వస్తారు, ప్రశ్నలు కొద్దిగానే తీసుకుంటారు. చూడడానికి ఒకసారి వెళ్లండి.

హైదరాబాదులో ఉన్నవారికి సెంట్రల్ యూనివర్సిటీ, ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ), ఉస్మానియా ఉన్నాయి. యూనివర్సిటీ కాకపోయినా ఏటా అక్టోబరు 2న జరిగే మంథన్ సంవాద్ రోజంతా వినదగ్గది. ఢిల్లీ వెళ్తే సప్రూ హౌస్, ఇండియా ఇంటర్నేషనల్ సెంటర్ కార్యక్రమాలు చూడండి.

ఇంటి నుంచి వినేవారు ముందుగా గడియారం చూసుకోవాలి

ఎల్‌ఎస్‌ఈ సభలు సాధారణంగా సాయంత్రం 6.30కి మొదలై 8కి ముగుస్తాయి. చలికాలంలో లండన్ కన్నా మనం ఐదున్నర గంటలు ముందుంటాం, అంటే మనకు సరిగ్గా అర్ధరాత్రి. మార్చి చివరి ఆదివారం అక్కడ గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు, కాబట్టి అక్టోబరు చివరి ఆదివారం దాకా మనకు రాత్రి 11. అమెరికా తూర్పు తీరంలో సాయంత్రం 5 గంటల సభ వేసవిలో మనకు తెల్లవారుజామున 2.30, చలికాలంలో 3.30. అక్కడ గడియారాలు మార్చే తేదీలు బ్రిటన్ తేదీలతో కలవవు. మార్చిలో, అక్టోబరు–నవంబరు మధ్యలో కొన్ని రోజులు లెక్క తారుమారవుతుంది. ఈ తేడా చూసుకోక నేను రెండు సభలు పోగొట్టుకున్నాను.

ప్రతి అర్ధరాత్రీ మేలుకోనక్కర్లేదు. ప్రశ్న అడగాలన్న సభకు మేలుకోండి, మిగతావి రికార్డింగు పెట్టాక వినండి. రికార్డింగు పెట్టని సభలూ ఉంటాయి, ఆ సంగతి ప్రకటనలోనే రాసి ఉంటుంది. ఉచ్చారణ పట్టుబడకపోతే వేగాన్ని 0.75కి తగ్గించి, కింద అక్షరాలు (సబ్‌టైటిల్స్) పెట్టుకోండి. అవి యంత్రం రాసినవైతే పేర్లను ఘోరంగా పాడుచేస్తుంది, వాటిని నమ్మి నోట్సులో ఎక్కించుకోవద్దు.

రెండో మెట్టు: సభకు ముందు రోజు ఒక గంట

ఈ గంట పెట్టనివారికి ఉపన్యాసం చెవిన పడుతుంది, చేతికి మాత్రం ఏమీ మిగలదు. నేను చేసే పని ఇది.

వక్త ఈ ఏడాదిలో రాసిన వ్యాసం ఒకటి వెతికి చదువుతాను. పుస్తకం మొత్తం చదవక్కర్లేదు. తర్వాత అదే వ్యాసాన్ని కాదన్నవారు ఎవరున్నారో చూస్తాను. ఏదో ఒక మంచి విమర్శ దొరికితే చాలు, వక్త ఎక్కడ గట్టిగా నిలబడతాడో, ఎక్కడ తప్పుకుంటాడో ముందే తెలుస్తుంది. వక్త పాత వీడియో పది నిమిషాలు వింటాను, గొంతుకు చెవి అలవాటు పడడానికి. ఆ ప్రాంతపు మ్యాపు ఒకసారి చూస్తాను. ఎర్ర సముద్రం గురించి వినబోతూ దాని దక్షిణపు ముఖద్వారమైన బాబ్ ఎల్ మందేబ్ జలసంధి ఎక్కడుందో తెలియకపోతే గంటసేపూ చీకట్లో తడుముకోవడమే.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ సభకు డబ్బు ఎవరు పెడుతున్నారో చూడడం. ఉపన్యాసం ఎవరి పేరు మీద ఉంది, ఏ సంస్థ విరాళం, వక్త ఏ ప్రభుత్వానికైనా కంపెనీకైనా సలహాదారా? ఇది ఎవరినీ అనుమానించడానికి చెప్పడం లేదు. ఎంత పేరున్న విద్యాలయమైనా ఇక్కడ జారిపడవచ్చు. అప్పటి లిబియా పాలకుడు గడాఫీ కొడుకు సైఫ్ 2010 మేలో ఎల్‌ఎస్‌ఈ వేదిక మీద ఉపన్యాసం ఇచ్చాడు. ఆయన పట్టా పొందిందీ అక్కడే. ఆయన నడిపిన ఫౌండేషన్ ఆ సంస్థకు 15 లక్షల పౌండ్లు ఇస్తానని మాటిచ్చింది, 3 లక్షలు ఇచ్చింది కూడా. మరుసటి ఏడాది లిబియాలో తిరుగుబాటు మొదలై, ప్రజల మీద కాల్పులు జరిగాక ఆ సంబంధం మీద దుమారం లేచింది. 2011 మార్చిలో డైరెక్టర్ హోవర్డ్ డేవీస్ రాజీనామా చేశారు. ఆ వ్యవహారం మీద లార్డ్ వూల్ఫ్ విచారణ జరిపి నివేదిక ఇచ్చారు. 2010లో ఆ హాల్లో కూర్చున్నవారికి ముందు రోజు గంట వెతికి ఉంటే కొన్ని మంచి ప్రశ్నలైనా దొరికేవి.

ఇక మాటలు. అంతర్జాతీయ రాజకీయాల్లో పదే పదే వినిపించే నాలుగైదు మాటలకు మీ తెలుగులో మీరే అర్థం రాసుకోండి. పత్రికల్లో వచ్చే అనువాదాలను అలాగే తీసుకోవద్దు. "గ్లోబల్ సౌత్" అన్నదాన్ని కొందరు "దక్షిణార్ధగోళ దేశాలు" అని రాస్తారు. భారతదేశం మొత్తం భూమధ్యరేఖకు ఉత్తరానే ఉంది, మరి మనం అందులో ఎలా ఉంటాం? అది భూగోళం మాట కాదు. వలస పాలన చూసిన, పేదరికం నుంచి పైకి రావడానికి పెనుగులాడుతున్న దేశాల గుంపుకు పెట్టిన పేరు. "బహుపాక్షికం", "బహుధ్రువం" అన్న రెండూ ఒకటే అనుకుంటారు. మొదటిది చాలా దేశాలు కలిసి కూర్చుని నియమాలు చేసుకునే పద్ధతి, రెండోది బలం అనేక కేంద్రాలకు చీలిపోయిన స్థితి. ఒకటి లేకుండా రెండోది ఉండగలదు, ఇప్పుడు ప్రపంచంలో జరుగుతున్న వాదనల్లో సగం దాని చుట్టూనే. "సాఫ్ట్ పవర్" అన్న మాటను 1990లో జోసెఫ్ నై వాడుకలోకి తెచ్చారు: భయపెట్టకుండా, డబ్బివ్వకుండా, ఆకర్షణతో ఎదుటివారి చేత మనకు కావలసింది కోరుకునేలా చేసే శక్తి. మన సినిమాలు జపాన్‌లో ఆడితే అది సాఫ్ట్ పవరేనా, లేక వట్టి వ్యాపారమా? ఇలాంటి సందేహం ఒకటి వెంట తీసుకెళ్లండి.

మూడో మెట్టు: ఆ సాయంత్రం

రిజిస్ట్రేషన్ కావాలంటే ముందే చేసుకోండి. టికెట్ లేకుండా ముందు వచ్చినవారికి ముందు సీటు పద్ధతి అయితే ముప్పావుగంట ముందు వెళ్లండి. పెద్ద సంచులు తీసుకెళ్లొద్దు, తనిఖీ దగ్గర ఆలస్యం. నీళ్ల సీసా, చిన్న నోటుపుస్తకం, రెండు పెన్నులు చాలు.

ఎక్కడ కూర్చోవాలన్నది చిన్న విషయం కాదు. మొదటి వరుసలు అతిథులకు ఉంచుతారు. మూడో నాలుగో వరుసలో, నడవ పక్క సీటు చూసుకోండి. మైకు పట్టుకుని తిరిగేవాళ్లు నడవలోనే తిరుగుతారు, వరుస మధ్యలో ఇరుక్కున్న చెయ్యి వాళ్లకు అందదు. పక్కన కూర్చున్నవారిని పలకరించండి. నాకు తెలిసిన ఇథియోపియా చరిత్ర అంతా అలా పక్క సీట్లో పరిచయమైన ఒక రిటైర్డ్ టీచరమ్మ చెప్పిందే.

నిరసన తెలిపేవాళ్లు లేచి నినాదాలు ఇవ్వడం ఒక్కోసారి జరుగుతుంది. కంగారు పడకుండా మీ సీట్లో ఉండండి, వాళ్లు పంచిన కరపత్రం ఉంటే తీసుకోండి. అందులో ఒక వాదన ఉంటుంది, అది కూడా ఆ సాయంత్రంలో భాగమే.

నాలుగో మెట్టు: నోట్సు

పేజీని నిలువుగా మూడు భాగాలు చేయండి. మొదటిదాంట్లో వక్త అన్నది, రెండోదాంట్లో దానికి ఆయన చూపిన ఆధారం, మూడోదాంట్లో మీకు తట్టిన సందేహం. అన్నీ రాయాలని చూడకండి, రాస్తూ పోతే వినడం ఆగిపోతుంది. ఇంటికి వెళ్లి చూస్తే రెండో భాగంలో ఖాళీలు కనిపిస్తాయి. గట్టిగా చెప్పి, ఆధారం చూపకుండా దాటేసిన మాటలు అవే. అక్కడే ప్రశ్న ఉంది.

అంకెలు వచ్చినప్పుడు మూడు సంగతులు పక్కన రాయండి: ఏ ఏడాదిది, ఏ కొలతలో, దేనితో పోల్చి. మిలియన్లు, బిలియన్లు విన్న వెంటనే మన లెక్కలోకి మార్చుకోవడం అలవాటు చేసుకోండి. మిలియన్ పది లక్షలు, బిలియన్ వంద కోట్లు, ట్రిలియన్ లక్ష కోట్లు. "ట్రిలియన్ డాలర్ల రోడ్లూ రేవులూ" అన్నప్పుడు లక్ష కోట్ల డాలర్లు అని మనసులో పడితే గాని ఆ మాట బరువు తెలియదు.

సభాధ్యక్షులు చేసే పరిచయాన్ని కూడా వినండి. 2007 సెప్టెంబరు 24న ఇరాన్ అధ్యక్షుడు అహ్మదీనెజాద్ న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీకి వచ్చినప్పుడు, ఆ యూనివర్సిటీ అధ్యక్షుడు లీ బోలింజర్ అతిథిని ఎదురుగా కూర్చోబెట్టుకునే చాలా కఠినమైన మాటలతో పరిచయం చేశారు. పిలిచి అవమానించారని కొందరన్నారు, పిలిచాక నిజం చెప్పకపోవడమే తప్పని కొందరన్నారు. నేను రెండో పక్షమే. అయినా ఆ రోజు సభలో ప్రపంచమంతా గుర్తుపెట్టుకున్నది ఆ పరిచయం కూడా కాదు, అహ్మదీనెజాద్ రాసుకొచ్చిన ప్రసంగం అసలే కాదు. ప్రశ్నోత్తరాల్లో, తమ దేశంలో స్వలింగ సంపర్కులే లేరని ఆయన ఇచ్చిన జవాబు, దానికి హాలంతా నవ్విన నవ్వు. తయారు చేసుకున్న మాట వెనక ఉన్న మనిషిని బయటికి తెచ్చింది ఒక ప్రశ్న.

ఐదో మెట్టు: ప్రశ్న

అందుకే దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

మనకు అష్టావధానం తెలుసు. అవధాని ఎంత గొప్పవాడైనా ప్రశ్నలు వేసే ఎనిమిది మంది పృచ్ఛకులు లేకపోతే సభ లేదు. దత్తపది ఇచ్చేవారు పద్యంలో వాడమని నాలుగు పదాలిచ్చి ఊరుకుంటారు. నిషిద్ధాక్షరి వారు వాడకూడని ఒక్క అక్షరం చెబుతారు. ఆ క్లుప్తతలోనే అవధానికి పరీక్ష. యూనివర్సిటీ సభలో చెయ్యెత్తే శ్రోత కూడా పృచ్ఛకుడే. ఆ ఎనిమిది మందిలో ఒక్కరి పాత్ర మాత్రం ఇక్కడ పనికిరాదు, అప్రస్తుత ప్రసంగి. అవధానంలో ధ్యాస మళ్లించడం ఆయన బాధ్యత, ఇక్కడ అది మూడు వందల మంది సమయాన్ని తినేయడం.

నేను మొదటిసారి మైకు అందుకున్నప్పుడు అదే చేశాను. భారత విదేశాంగ విధానం గురించి నాకు తెలిసిందంతా చెప్పడం మొదలుపెట్టాను. నిమిషం దాటాక అధ్యక్షురాలు మర్యాదగానే "మీ ప్రశ్న ఏమిటి?" అన్నారు. నా దగ్గర ప్రశ్న లేదు. ఆ రాత్రి ట్రైనులో కూర్చుని నాకోసం ఒక నియమం రాసుకున్నాను, ఇప్పటికీ పాటిస్తున్నాను: కాగితం మీద రాయని ప్రశ్నకు చెయ్యెత్తను. రాసింది మూడు వాక్యాలు దాటకూడదు. మొదటి వాక్యం నేనెవరు, ఎక్కడి నుంచి. రెండోది వక్త అన్న మాటలో ఏది పట్టుకున్నాను. మూడోది ప్రశ్న, ఒక్కటే, చివర ప్రశ్నార్థకంతో. గట్టిగా చదివితే అర నిమిషంలో అయిపోవాలి.

ఉదాహరణ ఒకటి పూర్తిగా చేసి చూపిస్తాను. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల్లో చాలావాటిపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. సుంకాల గురించి ఒక ఆర్థికవేత్త ఉపన్యాసం అనుకోండి. "సుంకం భారం చివరికి మోసేది దిగుమతి చేసుకునే దేశపు వినియోగదారుడే" అని ఆయన అన్నాడు. మామూలుగా మనం అడిగేది ఇది:

"సార్, ఇండియా మీద దీని ప్రభావం ఏమిటంటారు?"

ఇది ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, వక్త తనకు ఇష్టమైనది ఏదైనా చెప్పి తప్పుకోవచ్చు. భీమవరం నుంచి వెళ్లిన పిల్ల అదే చోట ఇలా అడగగలదు:

"నాది ఆంధ్రప్రదేశ్‌లో రొయ్యలు సాగు చేసే ప్రాంతం, మా వనామీ రకం రొయ్యకు అమెరికాయే పెద్ద మార్కెట్. భారం వినియోగదారుడిదే అన్నారు, కానీ సుంకం వార్త రాగానే మా చెరువు గట్టు మీద కొనుగోలుదారు కౌంట్ ధర తగ్గించేశాడు. సరుకు నిలవ ఉంచుకోలేని రైతు ఉన్నప్పుడు ఆ భారం ఎవరి మీద పడుతుందో మీ లెక్క ఎలా పట్టుకుంటుంది?"

(కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదే కౌంట్, ధర దాన్ని బట్టే.) తేడా చూడండి. వక్త మాటనే పట్టుకుంది, దానికి ఎదురు నిలిచే ఒక నిజాన్ని పెట్టింది, తప్పించుకోవడానికి వీల్లేని చోట ఆపింది. అందులో పొగరు లేదు, నిష్ఠూరం లేదు. ఆ హాల్లో ఉన్న ప్రొఫెసర్లెవరికీ ఆ గట్టు తెలియదు. రొయ్య పట్టుబడికి వచ్చాక రైతు రోజూ మేత ఖర్చు భరిస్తూ ఎన్నాళ్లు ఆగగలడో వాళ్లు చదివి ఉండకపోవచ్చు. మనకు తెలిసిందే వాళ్లకు లేనిది. మన ఇంగ్లీషు యాస గురించి సిగ్గుపడి ఆ సంగతి మింగేసుకుంటే హాలుకే నష్టం. నేను చూసినంతలో యాసను ఎవరూ పట్టించుకోరు, ప్రశ్న పదునుగా ఉంటే వక్త నోటుపుస్తకం తీసి రాసుకుంటాడు.

కొన్ని చిన్న సంగతులు. ప్రశ్నలకు సమయం ఇచ్చిన మొదటి క్షణంలోనే చెయ్యెత్తండి, ఆ తర్వాత వరుస పెరిగిపోతుంది. మైకు వచ్చేదాకా మాట్లాడొద్దు, లేకపోతే ఆన్‌లైన్ వారికి వినపడదు. పొగడ్తతో మొదలుపెట్టనక్కర్లేదు. మూడు ప్రశ్నలు కలిపి తీసుకునే పద్ధతి ఉంటే మీది మధ్యలో పడి జవాబు రాకుండా పోవచ్చు, సభ అయ్యాక వెళ్లి అడగండి. మీరు అడగాలనుకున్నది ఇంకొకరు అడిగేస్తే చెయ్యి దించేయండి. ఆన్‌లైన్‌లో అయితే ఉపన్యాసం సగంలోనే టైపు చేసి పెట్టండి, రెండు వాక్యాల్లో, పేరూ ఊరూ రాసి. దూరదేశం ఊరి పేరు కనిపిస్తే ఆ ప్రశ్నను తీసుకోవడానికి అధ్యక్షులు ఇష్టపడతారు, ఇది నా అనుభవం.

ఆరో మెట్టు: సభ ముగిశాక

వక్త చుట్టూ పది మంది మూగుతారు. మీ వంతు వస్తే రెండు నిమిషాలకు మించి తీసుకోవద్దు. ఫొటో అడిగేకన్నా "దీని గురించి ఇంకా ఏం చదవాలి?" అని అడగండి. ఆ జవాబు విలువ ఫొటోకు ఉండదు. రెండు రోజుల్లో నాలుగు వాక్యాల ఈమెయిల్ రాస్తే చాలామంది జవాబిస్తారు.

కొన్ని సమావేశాలకు "చాతమ్ హౌస్ నియమం" ఉందని ముందే చెబుతారు. లండన్‌లోని ఆ పేరున్న సంస్థలో 1927లో పుట్టిన నియమం అది. అక్కడ విన్న సంగతిని వాడుకోవచ్చు, ఎవరు చెప్పారో, వాళ్లు ఏ సంస్థవారో మాత్రం బయటపెట్టకూడదు. బహిరంగ సభలకు ఇది సాధారణంగా ఉండదు, ఉంటే తప్పక పాటించండి. రికార్డు చేసుకోవాలంటే అనుమతి అడగండి.

ఇక నేను మీ నుంచి ఎక్కువగా కోరుకునే పని: ఆ రాత్రే, లేదా మర్నాడు పొద్దున్నే, విన్నదాన్ని తెలుగులో ఒక పేజీ రాయండి. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రి వచ్చి ఇంగ్లీషులో ఉపన్యసించినప్పుడు, ఆ మాటలను జనానికి తెలుగులో చెప్పింది చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. గోదావరి ఒడ్డున స్వదేశీ మాట అంత లోతుగా నాటుకుందంటే, చెప్పిన పాల్‌తో పాటు దాన్ని తెలుగు చేసినవారి చలవ కూడా ఉంది. మనకు ఇప్పుడు ప్రపంచ రాజకీయాల మీద తెలుగులో దొరికేది చాలావరకు ఏజెన్సీ వార్తల అనువాదం. హాల్లో కూర్చుని విని, ఆలోచించి, మన మాటల్లో రాసినది తక్కువ.

రాసేటప్పుడు వక్త మాటలను కొటేషన్ గుర్తుల్లో పెట్టాలంటే రికార్డింగు చూసి సరిచూసుకోండి, జ్ఞాపకం నుంచి పెట్టొద్దు. వక్త అన్నది ఒక పేరాలో, మీకు అనిపించింది వేరే పేరాలో ఉంచండి. అర్థం కాని చోట అర్థం కాలేదనే రాయండి. ఇంగ్లీషు మాటకు సరైన తెలుగు తట్టకపోతే దాన్ని అలాగే తెలుగు లిపిలో పెట్టి, అదేమిటో ఒక వాక్యంలో వివరించండి. బలవంతపు సంస్కృత సమాసం కన్నా అది మేలు. రాసినదాన్ని ఆ విషయం తెలియని ఒకరికి, ఇంట్లో అమ్మకో తమ్ముడికో చదివి వినిపించండి. వాళ్లు ఎక్కడ ఆపి "అంటే?" అంటారో అక్కడ తిరగరాయండి.

ఆ పేజీని తేదీ, ఊరు, వక్త పేరు వేసి ఒకే నోటుపుస్తకంలో అంటించుకోండి. నా పుస్తకంలో మొదటి పేజీలో తేదీ, హాలు పేరు తప్ప ఏమీ లేదు. అది నేను గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చిన సాయంత్రానిది. రెండో పేజీ నుంచి రాత ఉంది.